సమాజ్ గుడి భూమి అమ్మకానికి పెట్టారు: ధర్మాదాయ్ ఆఫీసుకా, కోర్టుకా, పెద్దమనుషుల దగ్గరికా?

విభాగం: చట్టం, కాగితాలు, ఆఫీసులు

వార్ధా ఒడ్డు (రాజురా)
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకా. బొగ్గు గనుల పనికి, పేపర్ మిల్లు పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. మా తాతల కాలంలో తలా కొంత చందా వేసుకుని రామాలయం కట్టారు, తర్వాత పక్కనే మంగళ కార్యాలయం కట్టారు. పెళ్ళిళ్ళ అద్దెతోనే పూజారి జీతం, శ్రీరామనవమి ఖర్చు వెళ్తుంది. ఒక రైతు గుడి పేరు మీద నాలుగెకరాలు రాసిచ్చారు. పబ్లిక్ ట్రస్టుగా రిజిస్టర్ అయింది, పీటీఆర్ (పబ్లిక్ ట్రస్టు రిజిస్టర్) నంబరు ఉంది.

ఏడుగురు ట్రస్టీల్లో నలుగురు ఇప్పుడు లేరు. అధ్యక్షుడు పోయిన తర్వాత తాళాలు, అద్దె పుస్తకం ఆయన కొడుకుల దగ్గరే ఉండిపోయాయి. మిగిలిన ముగ్గురూ వయసు మీద పడ్డవాళ్ళు, గట్టిగా మాట్లాడలేరు. రోడ్డు వెడల్పు అయ్యాక ఆ నాలుగెకరాలకు ధర వచ్చింది. ప్లాట్లు వేసేవాళ్ళతో బేరం నడుస్తోంది. "అమ్మి ఏసీ హాలు కడతాం, అందరికీ మంచిదే కదా" అంటున్నారు. సాత్‌బారాలో (7/12 భూమి రికార్డులో) దేవస్థానం పేరు ఉంది, కింద వహివాట్‌దార్‌గా చనిపోయిన అధ్యక్షుడి పేరు ఉంది. అది చూపించి "వారసులం మేమే" అంటున్నారు.

ఆదిలాబాద్‌లో ఉండే మా బావ ఎండోమెంట్ డిపార్ట్‌మెంట్‌కు అర్జీ పెట్టమంటాడు. ఇంకొకాయన సివిల్ కోర్టులో స్టే తెచ్చుకోమంటాడు. ఊళ్ళో పెద్దలు కూర్చుని తేల్చుకుందాం అంటారు. ఏది ముందు చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

కిన్వట్ రైతు
సోమవారం, రాత్రి 10:15

తమ్ముడూ, కోర్టుకు పోతే మీ పిల్లల పెళ్ళిళ్ళు కూడా ఆ హాల్లో జరగవు. తాళం పడుతుంది. ఆ కొడుకులు కూడా మన సమాజ్ వాళ్ళే కదా. మా దగ్గర విఠ్ఠల్ మందిరం గొడవ వస్తే రెండు ఊళ్ళ పెద్దలు కూర్చుని ఒక్క రాత్రిలో తెంపేశారు. మొదట అది చూడండి.

బల్లార్‌షా అక్క
సోమవారం, రాత్రి 10:50

పెద్దల దగ్గరికి వెళ్ళినా, కోర్టుకు వెళ్ళినా ముందు చేతిలో కాగితాలు ఉండాలి. నేను ఒక మహిళా మండలి లెక్కలు చూస్తాను కాబట్టి అడుగుతున్నా:

చివరిసారి ఆడిట్ రిపోర్టు ఎప్పుడు ఇచ్చారు? చనిపోయిన ట్రస్టీల పేర్లు తీయించడానికి, కొత్తవాళ్ళ పేర్లు ఎక్కించడానికి చేంజ్ రిపోర్టు ఎవరైనా పెట్టారా? మీ దగ్గర ట్రస్టు ఘటన, అంటే నియమావళి ఉందా? షెడ్యూల్-1 నకలు తీసుకున్నారా? ఈ నాలుగింటికీ జవాబు తెలిస్తే సగం దారి కనిపిస్తుంది.

వార్ధా ఒడ్డు
సోమవారం, రాత్రి 11:20

అక్కా, ఆడిట్ కొన్నేళ్ళుగా లేదు. చేంజ్ రిపోర్టు అసలు పెట్టలేదు. ఘటన జిరాక్స్ ఉంది. మీటింగుల పుస్తకం ఉంది గానీ మొత్తం తెలుగులో రాసి ఉంది. షెడ్యూల్-1 అంటే ఏంటో తెలీదు.

నాగ్‌పూర్ వకీలు
మంగళవారం, ఉదయం 7:05

మాది సిరొంచ, ప్రాక్టీసు నాగ్‌పూర్‌లో. కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మన సరిహద్దు ఊళ్ళన్నింటిలో ఇదే గొడవ.

మొదట మీ బావగారి మాట. తెలంగాణలో 1987 నాటి ఎండోమెంట్ చట్టం ఉంది, ఈవో ఉంటాడు, తగాదాలకు ఎండోమెంట్ ట్రిబ్యునల్ ఉంది. మహారాష్ట్రలో ఆ పద్ధతి లేదు. ఇక్కడ గుడి అయినా, మఠం అయినా, బడి నడిపే సంస్థ అయినా, సొసైటీగా రిజిస్టర్ చేసుకున్న సమాజ్ మండలి అయినా అన్నీ 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కిందికే వస్తాయి. మొన్నటిదాకా బొంబాయి చట్టం అనేవారు, ఇప్పుడు మహారాష్ట్ర చట్టం అంటారు. దాన్ని చూసేది ధర్మాదాయ ఆయుక్తుడు, అంటే ఛారిటీ కమిషనర్. మీకు చంద్రపూర్‌లో అసిస్టెంట్ ఛారిటీ కమిషనర్ ఆఫీసు ఉంది. ఆ పైన నాగ్‌పూర్‌లో జాయింట్ ఛారిటీ కమిషనర్.

రెండోది, సివిల్ కోర్టు స్టే. మిగతా రాష్ట్రాల్లో పబ్లిక్ ట్రస్టు గొడవ అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద దావా వేస్తారు. మన చట్టంలోని 52వ సెక్షన్ దాన్ని ఇక్కడ పక్కన పెట్టింది. దాని బదులు 50వ సెక్షన్ ఉంది. ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు లేదా ఎక్కువమంది ఛారిటీ కమిషనర్ రాతపూర్వక అనుమతి తీసుకుని జిల్లా కోర్టులో దావా వేయవచ్చు. అనుమతి లేకుండా నేరుగా సివిల్ జడ్జి దగ్గరికి వెళ్తే 80వ సెక్షన్ అడ్డం వస్తుంది. ఈ చట్టం కింద అధికారి తేల్చాల్సిన ప్రశ్నను సివిల్ కోర్టు తేల్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. 2005లో చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చట్టం మీద ఇదే చెప్పింది. మన వాళ్ళు చాలామంది తప్పు గుమ్మం ఎక్కి, ఏళ్ళ తర్వాత "ఇక్కడ కాదు" అనిపించుకుని తిరిగి వస్తారు. కిన్వట్ అన్న చెప్పే ఆలస్యంలో పెద్ద భాగం అదే.

మూడోది, అసలు ప్రశ్న. ఆ భూమి అమ్మగలరా? 36వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ ట్రస్టు స్థిరాస్తిని అమ్మాలన్నా, మార్చుకోవాలన్నా, దానం ఇవ్వాలన్నా ఛారిటీ కమిషనర్ ముందస్తు అనుమతి కావాలి. సాగుభూమిని పదేళ్ళకు మించి, ఇల్లు లేదా సాగుకాని జాగాను మూడేళ్ళకు మించి లీజుకు ఇవ్వాలన్నా కావాలి. అనుమతి ఇచ్చేటప్పుడు చూసేది ట్రస్టుకు మేలా కాదా అన్నదే. "ధర బాగా వచ్చింది" అంటే సరిపోదు. ఆ డబ్బు అవసరం ఏమిటి, ధర ఎలా తేల్చారు, పేపర్లో ప్రకటన ఇచ్చి టెండర్లు పిలిచారా అని అడుగుతారు.

ఇక్కడ మన ఆంధ్రప్రదేశ్ కేసే ఒకటి గుర్తుపెట్టుకోండి. 1986లో చెంచురామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు, ధార్మిక సంస్థల ఆస్తి వెనుక పెద్ద జనసమూహం హక్కు ఉంటుంది కాబట్టి దాన్ని గట్టిగా కాపాడాలని చెప్పింది. అలాంటి ఆస్తిని లోపాయికారీగా బేరమాడి అమ్మితే అనుమానించాల్సిందే, మామూలుగా బహిరంగ వేలమే దారి అంది.

వార్ధా ఒడ్డు
మంగళవారం, ఉదయం 8:30

సార్, చాలా థ్యాంక్స్. వహివాట్‌దార్ పేరు మాటేమిటి? అది చూసే ఊళ్ళో సగంమంది "వాళ్ళకే హక్కు" అంటున్నారు.

నాగ్‌పూర్ వకీలు
మంగళవారం, ఉదయం 9:10

వహివాట్‌దార్ అంటే చూసుకునేవాడు. సాత్‌బారాలో యజమాని గడిలో ఉన్నది దేవుడు. చూసుకునేవాడి కొడుక్కి భూమి వారసత్వంగా రాదు. షెడ్యూల్-1 అంటే ట్రస్టు వివరాలు, ఆస్తులు ఎక్కించే ఛారిటీ ఆఫీసు రిజిస్టర్. ట్రస్టీ పదవి ఎలా సంక్రమిస్తుందో అందులో ఒక గడి ఉంటుంది. రిజిస్టర్ చేసిన రోజున అక్కడ ఏం రాశారో చూడండి. "సర్వసభ్య సభలో ఎన్నిక" అని ఉంటే కొడుకుల మాటకు అక్కడే సమాధానం ఉంది. చంద్రపూర్ ఆఫీసులో అర్జీ పెట్టి సర్టిఫైడ్ నకలు తీసుకోండి. ఇవాళే పెట్టండి.

సిరొంచ మాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 1:15

మా ఊరి నుంచి చూస్తే ప్రాణహిత కలిసిన గోదావరికి అవతలే కాళేశ్వరం. అక్కడి గుడి ఎండోమెంట్ వాళ్ళది, ఇక్కడి గుళ్ళు ఛారిటీ కమిషనర్‌వి. ఒకే కుటుంబం రెండు ఒడ్లనా ఉంటుంది, అందుకే ఆ సలహాలూ ఈ సలహాలూ కలిసిపోతాయి. వకీలు గారు విడదీసి చెప్పడం మంచిదైంది.

వారసత్వం మాట వచ్చింది కాబట్టి పండరీపురం సంగతి చెబుతాను. ఆదిలాబాద్, నాందేడ్ వైపు నుంచి వారీకి (పండరి యాత్రకు) వెళ్ళే తెలుగువాళ్ళు అందరికీ బడ్వేలు, ఉత్పాత్‌లు అనే పూజారి వంశాలు తెలుసు. తరతరాలుగా విఠోబా గుడి, రుక్మిణి గుడి ఆదాయం, పూజ వాళ్ళ చేతిలో ఉండేవి. 1973లో రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసి ఆ వంశపారంపర్య హక్కులు తీసేసింది. దాని మీద దశాబ్దాలు వ్యాజ్యం నడిచింది. 2014 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో అది ముగిసింది.

ఇంకోవైపు చూడండి. 2020 జులైలో తిరువనంతపురం పద్మనాభస్వామి గుడి విషయంలో అదే సుప్రీంకోర్టు ట్రావన్‌కోర్ రాజకుటుంబం హక్కు నిలబెట్టింది. అలాగని పెత్తనం మొత్తం వదిలేయలేదు, జిల్లా జడ్జి అధ్యక్షతన పాలనా కమిటీ పెట్టింది. కాబట్టి వంశం అన్న మాట వినగానే కోర్టు కొట్టేయదు, ఒప్పేసుకోదు కూడా. చట్టం ఏమంటోంది, పత్రం ఏమంటోంది, ఆచారం ఏమంటోంది, ఇన్నేళ్ళూ ఎవరు ఎలా నడిపారు అని చూస్తుంది. మీ గుడి చందాలతో కట్టింది, ఘటన రాసుకుని రిజిస్టర్ చేసింది. అక్కడ వంశానికి చోటెక్కడ?

ధర్మాబాద్ మిర్చియార్డ్
మంగళవారం, రాత్రి 8:45

అందరూ చట్టం బాగా చెబుతున్నారు. మా అనుభవం కూడా వినండి. మా సమాజ్ వసతిగృహం మీద రెండు కమిటీలు, రెండు చేంజ్ రిపోర్టులు. ఒకదాని మీద ఒకటి అభ్యంతరం. కింద ఆఫీసులో ఓడినవాళ్ళు పైకి అప్పీలు, అక్కడ ఓడినవాళ్ళు జిల్లా కోర్టుకు, ఆ పైన ఔరంగాబాద్ బెంచికి. బ్యాంకు "అధికారం ఎవరిదో తేలేదాకా" అని ఖాతా ఆపేసింది. కరెంటు బిల్లు కట్టే దిక్కు లేదు. పల్లెల నుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లలు బయట గదులు తీసుకున్నారు. ఏ పిల్లల కోసం కట్టారో వాళ్ళకే లేకుండా పోయింది. నాకు ఆ తగాదాలో ఏ పక్షం మీదా కోపం లేదు, ఆ గదులు ఖాళీగా ఉండటమే బాధ.

కిన్వట్ రైతు
మంగళవారం, రాత్రి 9:00

నేను చెప్పింది ఇదే.

బల్లార్‌షా అక్క
మంగళవారం, రాత్రి 9:35

ధర్మాబాద్ అన్నా, చదువుతుంటే మనసు పాడైంది. కానీ ఒకటి అడుగుతా. మొదటి ట్రస్టీ చనిపోయినప్పుడే చేంజ్ రిపోర్టు పెట్టి ఉంటే రెండు కమిటీలు పుట్టేవా? చట్టం 22వ సెక్షన్‌లో మార్పు జరిగిన 90 రోజుల్లో తెలపాలని ఉంది. మన మండలాల్లో ఎవరూ ఆ పని చేయరు. సన్మానానికి శాలువాలు కొంటారు, వకీలు ఫీజు దండగ అంటారు. పది, పదిహేనేళ్ళు గడిచాక రిజిస్టర్‌లో అందరూ చనిపోయినవాళ్ళ పేర్లే ఉంటాయి. అప్పుడు ఎవరు అడిగినా "నీకేం హక్కు" అనే ప్రశ్న వస్తుంది.

ఆడిట్ కూడా అంతే. ఏటా లెక్కలు ఆడిట్ చేయించి ఇవ్వడం ట్రస్టీ బాధ్యత. వరసగా ఎగ్గొడితే 41-డి కింద ట్రస్టీని సస్పెండ్ చేయవచ్చు, తీసేయవచ్చు కూడా.

నాగ్‌పూర్ వకీలు
బుధవారం, ఉదయం 6:50

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ధర్మాబాద్ అన్న బాధ కూడా నిజమే, దాన్ని కొట్టిపారేయను. కేసు నడిచే కాలంలో సంస్థ ఆగిపోకుండా మధ్యంతర ఏర్పాటు అడగాలి. ఇద్దరు తటస్థులతో తాత్కాలిక నిర్వాహకుణ్ణి వేయమని, బ్యాంకు ఖాతాను కరెంటు, జీతాల వరకు నడవనివ్వమని అడగవచ్చు. నాకు తెలిసిన చాలా కేసుల్లో రెండు పక్షాలూ ఎదుటివాణ్ణి దించడం కోసమే అర్జీలు వేస్తాయి, హాస్టలు నడవాలని ఎవరూ అర్జీ వేయరు. వేస్తే అధికారులు వింటారు.

షిరిడీ సంగతే చూడండి, మనలో వెళ్ళనివాళ్ళు లేరు. ఆ సంస్థానానికి 2004లో ప్రత్యేక చట్టం వచ్చింది. ట్రస్టీల బోర్డును ప్రభుత్వం వేస్తుంది. 2022 సెప్టెంబరులో హైకోర్టు ఔరంగాబాద్ బెంచి ఆ బోర్డు నియామకాన్ని రద్దు చేసింది. అయినా అక్కడ ఒక్క పూట దర్శనం ఆగలేదు, ప్రసాదాలయం ఆగలేదు. జిల్లా ప్రధాన న్యాయమూర్తి ఉన్న తాత్కాలిక కమిటీకి పని అప్పగించారు. బోర్డు పోయినా సంస్థ నడవాలన్నది కోర్టు చూసింది. చిన్న ట్రస్టుకు కూడా ఇదే అడగవచ్చు.

ఇప్పుడు కిన్వట్ అన్నకు. పెద్దల మాటను నేను తక్కువ చేయను. అధ్యక్షుడు ఎవరు కావాలి, కార్యదర్శి ఎవరు, అద్దె ఎంత పెట్టాలి, ఇవన్నీ పెద్దలు తెంపితే అంతకన్నా మంచిది లేదు. ఆ ఒప్పందాన్ని సర్వసభ్య సభలో తీర్మానంగా రాసి చేంజ్ రిపోర్టుతో పెట్టండి. కానీ భూమి అమ్మకం పెద్దలు తెంపే విషయం కాదు. భూమి ఇచ్చినాయన కొడుకులకు ఇవ్వలేదు, పెద్దలకూ ఇవ్వలేదు. కూర్చున్న పదిమందీ ఒప్పుకున్నా 36వ సెక్షన్ అనుమతి లేకుండా అది చెల్లదు. ప్రజల తరఫున దావా పడ్డ తర్వాత రాజీ కావాలన్నా కోర్టు అనుమతి తీసుకోవాలి. ఎందుకంటే ఆ గుడికి వచ్చే మిగతా భక్తులు ఆ గదిలో లేరు.

1956లో దేవకీనందన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. అది గుడి ప్రైవేటుదా, పబ్లిక్‌దా అన్న తగాదా. గుడికి ఇచ్చిన ఆస్తి మేలు నిజంగా పొందేది పూజకు వచ్చే భక్తులు అని కోర్టు చెప్పింది. ధర్మాదాయ్ ఆఫీసరు గానీ, జిల్లా జడ్జి గానీ మీ గొడవలో ఏ పక్షాన్నీ గెలిపించడానికి కూర్చోరు. భక్తుల కోసం ఇచ్చింది భక్తులకే ఉందా అని చూస్తారు. మీ అర్జీలో కూడా ఆ కొడుకుల మీద తిట్లు రాయకండి. భూమి, ఆదాయం, లెక్క, ఉద్దేశం, ఈ నాలుగే రాయండి.

వార్ధా ఒడ్డు
బుధవారం, రాత్రి 10:05

సార్, నకలు అర్జీ పెట్టాను. ఇంకో విషయం బయటపడింది. ట్రస్టు పేరు మీద ఆదిలాబాద్ జిల్లా బేల వైపు కూడా రెండెకరాలు ఉన్నాయట. పాత మీటింగు పుస్తకంలో ఉంది. అది ఏ రాష్ట్రం కిందికి వస్తుంది?

నాగ్‌పూర్ వకీలు
బుధవారం, రాత్రి 10:40

ట్రస్టు ఎక్కడ ఉందో ఆ రాష్ట్రం చట్టమే ట్రస్టును ఏలుతుంది, కొంత ఆస్తి పక్క రాష్ట్రంలో ఉన్నా సరే. 1959లో చారుశీలా దాసి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రస్టు అప్పటి బీహార్‌లోని దేవఘర్‌లో ఉంది, ఆస్తిలో కొంత కలకత్తాలో ఉంది, బీహార్ చట్టం వర్తిస్తుందని తేల్చారు. కాబట్టి బేల భూమి కూడా మీ షెడ్యూల్-1 లో ఎక్కాలి. ఎక్కకపోతే ఎక్కించమని అర్జీ పెట్టండి. భూమి రికార్డు, రిజిస్ట్రేషన్ మాత్రం తెలంగాణ పద్ధతే. ధరణి పోయి ఇప్పుడు భూ భారతి వచ్చింది, అందులో ఎవరి పేరుందో మీ బావగారిని చూసి పెట్టమనండి. ఆయన సాయం అక్కడ అక్కరకొస్తుంది.

గోండ్‌పిప్రి కోడలు
గురువారం, ఉదయం 11:20

ఇక్కడే అడగవచ్చా? మా మామగారి తండ్రి ధర్మసత్రానికి అర ఎకరం ఇచ్చారు. ఎడ్లబండ్ల రోజుల్లో బాటసారులు ఉండేవారు, ఇప్పుడు ఎవరూ రారు. సత్రం కూలిపోయింది. ఇచ్చినవాళ్ళ వారసులం కాబట్టి మాకు తిరిగి వస్తుందా?

నాగ్‌పూర్ వకీలు
గురువారం, మధ్యాహ్నం 2:00

అమ్మా, పబ్లిక్ ట్రస్టుకు పూర్తిగా ఇచ్చేసిన భూమి మామూలుగా తిరిగి రాదు. ఉద్దేశం నెరవేరే వీలు లేకపోతే 55వ సెక్షన్ ఉంది. కోర్టు ఆదేశాలు తీసుకోమని ఛారిటీ కమిషనర్ ట్రస్టీలకు చెబుతాడు. దాత ఉద్దేశానికి దగ్గరగా ఉండే ఇంకో పనికి కోర్టు దాన్ని మళ్ళిస్తుంది. బాటసారుల సత్రం అయితే ఆసుపత్రికి వచ్చే పల్లె రోగుల బంధువులు ఉండే వసతి లాంటిది మీరే సూచించవచ్చు. దాత కుటుంబం మాటకు అక్కడ బరువు ఉంటుంది.

వార్ధా ఒడ్డు తమ్ముడికి కూడా ఇది పనికొస్తుంది. 1954లో రతిలాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ బొంబాయి చట్టాన్నే పరిశీలించింది. మూల ఉద్దేశం ఇంకా నెరవేర్చే వీలుండగా, మతపరమైన ట్రస్టు డబ్బును తమకు మంచిదనిపించిన వేరే పనికి మళ్ళించడాన్ని ఒప్పుకోలేదు. అలాంటి ట్రస్టుకు ఛారిటీ కమిషనర్‌నే ట్రస్టీగా వేసే ఏర్పాటు కూడా చెల్లదని చెప్పింది. ప్రభుత్వ అధికారికే ఆ హద్దు ఉన్నప్పుడు, "ఏసీ హాలు అందరికీ మంచిదే" అని కొడుకులు అనుకుంటే సరిపోతుందా? దాత పత్రంలో ఏముందో చదవండి. "నిత్య ధూపదీప నైవేద్యాలకు" అని ఉంటే ఆ భూమి ఆదాయం మొదట అక్కడికే పోవాలి.

డెగ్లూర్ టీచర్
గురువారం, రాత్రి 8:10

మాది గుడి కాదు, ఇంటి విషయం. మా నాన్నగారు మాటలు రాని మా తమ్ముడి పోషణ కోసం ట్రస్టు డీడ్ రాసి, కొంత సొమ్ము, ఒక దుకాణం గది అందులో పెట్టారు. మా మేనమామ ఒక్కడే ట్రస్టీ. ఇప్పుడు సొమ్ము తన వ్యాపారంలో తిప్పుతున్నాడు, అద్దె లెక్క చెప్పడు. డీడ్‌లో "తగాదా వస్తే మధ్యవర్తి తేల్చాలి" అని ఉంది. మధ్యవర్తి కూడా మేనమామ స్నేహితుడే. మేము చిక్కుకుపోయినట్టేనా?

నాగ్‌పూర్ వకీలు
గురువారం, రాత్రి 9:30

చిక్కుకోలేదండీ. ఇది ప్రైవేటు ట్రస్టు కాబట్టి ఛారిటీ కమిషనర్‌తో పని లేదు. దీనికి 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం, కోర్టు మీ జిల్లా కోర్టు. మధ్యవర్తి షరతు మిమ్మల్ని ఆపదు. 2016లో విమల్ కిషోర్ షా కేసులో సుప్రీంకోర్టు, ఈ చట్టం కింద ట్రస్టీలకూ లబ్ధిదారులకూ మధ్య వచ్చే తగాదాలు ఆర్బిట్రేషన్‌కు పంపేవి కావని చెప్పింది. ఆ చట్టమే కోర్టుకు కావలసిన అధికారాలన్నీ ఇచ్చింది కాబట్టి అక్కడికే వెళ్ళాలంది.

ట్రస్టు సొమ్మును ట్రస్టీ తన లాభానికి వాడకూడదు, అది 51వ సెక్షన్. నమ్మకద్రోహం వల్ల వచ్చిన నష్టం అతనే పూడ్చాలి, అది 23. సరైన ట్రస్టీ ఉండటం లబ్ధిదారు హక్కు, అది 60. కొత్త ట్రస్టీని వేయమని కోర్టును అడగడానికి 74 ఉంది. కాలం దాటిపోయిందని కూడా భయపడకండి. ట్రస్టీ నుంచి ట్రస్టు ఆస్తినీ దాని లెక్కనూ రాబట్టడానికి కాలపరిమితి అడ్డురాదని లిమిటేషన్ చట్టం 10వ సెక్షన్‌లో ఉంది. మీ తమ్ముడి తరఫున ఎవరు కేసు వేయాలన్నది అతని పరిస్థితిని బట్టి ఉంటుంది, నాందేడ్‌లో ఒక వకీలును కలవండి.

మీ మేనమామ మంచివాడై ఉంటే, ఏం చేయాలో తెలియక సతమతమవుతుంటే, అతనికీ దారి ఉంది. 34వ సెక్షన్ కింద ట్రస్టీ స్వయంగా కోర్టుకు వెళ్ళి "ఈ ఆస్తి నిర్వహణలో ఈ విషయం ఎలా చేయమంటారు" అని సలహా అడగవచ్చు. నిజాయితీగా వాస్తవాలు చెప్పి, వచ్చిన సలహా ప్రకారం నడుచుకుంటే ఆ మేరకు అతను బాధ్యత నెరవేర్చినట్టే. ఈ దారి వాడుకునే ట్రస్టీలు చాలా తక్కువ, వాడుకుంటే ఎన్నో ఇళ్ళల్లో మాటలు పోకుండా ఉండేవి.

డెగ్లూర్ టీచర్
గురువారం, రాత్రి 10:15

చాలా రోజుల తర్వాత ఇవాళ నిద్ర పడుతుంది సార్. మా అమ్మకు చదివి వినిపించాను.

వార్ధా ఒడ్డు
తరువాతి బుధవారం, రాత్రి 9:20

నకలు వచ్చింది. ట్రస్టీ సంక్రమణ గడిలో "సర్వసభ్య సభలో ఎన్నిక ద్వారా" అని ఉంది. భూమి వివరాల్లో నాలుగెకరాలు ఉన్నాయి, బేల భూమి లేదు. దానపత్రం కూడా దొరికింది. "నిత్యపూజకు, నవమికి అన్నదానానికి" అని రాశారు. పెద్దలకు చూపించాను. ఇద్దరు మాట్లాడలేదు, ఒకాయన మాత్రం "మేం సంతకాలు పెట్టం" అని గట్టిగా అన్నారు. కానీ బేరం ఆగలేదు, టోకెన్ ఇచ్చారని వింటున్నాం.

నాగ్‌పూర్ వకీలు
తరువాతి బుధవారం, రాత్రి 9:55

అయితే ఇక ఆగవద్దు. 41-ఇ కింద నాగ్‌పూర్ జాయింట్ ఛారిటీ కమిషనర్ దగ్గర అర్జీ వేయండి. ట్రస్టు ఆస్తి పాడయ్యే, అక్రమంగా చేతులు మారే ప్రమాదం ఉంటే తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇచ్చే అధికారం అది. ఆసక్తి ఉన్న ఇద్దరైనా కలిసి, అఫిడవిట్‌తో వేయాలి. బతికున్న ట్రస్టీల్లో ఒకరు కలిస్తే ఇంకా బలం. దానితోపాటు ఖాళీలు నింపడానికి 47 కింద అర్జీ. కొడుకుల దగ్గరున్న అద్దె లెక్క రాబట్టాల్సి వస్తే అప్పుడు 50 కింద అనుమతి అడుగుదాం. అన్నీ ఒకేసారి వేసి చిక్కు చేయవద్దు.

సబ్ రిజిస్ట్రారుకు, తలాఠీకి (ఊరి రెవెన్యూ అధికారికి) షెడ్యూల్-1 నకలు జతచేసి రాతపూర్వకంగా తెలపండి, పావతీ (రసీదు) తీసుకోండి. ఒక మరాఠీ దినపత్రికలో జాహీర్ నోటీస్ (బహిరంగ ప్రకటన) వేయండి. టోకెన్ ఇచ్చిన మనిషి కూడా సొమ్ము పోగొట్టుకోకూడదు కదా, అతనికీ తెలియాలి.

కిన్వట్ రైతు
తరువాతి బుధవారం, రాత్రి 10:30

దానపత్రం మాట చదివాక నేనూ ఒప్పుకుంటున్నా. టోకెన్ తీసుకున్నాక కూర్చోబెట్టి మాట్లాడే ఘడియ దాటింది. కానీ తమ్ముడూ, ఆ ఇంటికి పెళ్ళికీ చావుకూ వెళ్ళడం మానకండి. కేసు భూమి మీద ఉండాలి, మనుషుల మీద కాదు. ఆ ఒప్పుకోని పెద్దాయన్ని అర్జీలో కలుపుకోండి.

సిరొంచ మాస్టారు
తరువాతి గురువారం, ఉదయం 7:30

తెలుగు మీటింగు పుస్తకం గురించి ఎవరూ చెప్పలేదు. మన జిల్లా కోర్టుల్లో, ధర్మాదాయ్ ఆఫీసుల్లో పని మరాఠీలో నడుస్తుంది. ఆ పుస్తకమే మీకు పెద్ద సాక్ష్యం, అందులో ఎవరెవరు చందా ఇచ్చారో, ఎన్నిక ఎలా జరిగేదో ఉంటుంది. ముఖ్యమైన తీర్మానాలను మరాఠీలోకి అనువాదం చేయించి, అనువదించినవారి అఫిడవిట్‌తో పెట్టండి. అసలు పుస్తకం ఎవరికీ చేతికి ఇవ్వవద్దు, ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. చేతిరాత పాతది, గొలుసుకట్టు అక్షరాలైతే చదవడం కష్టం. నాకు పంపితే నేను చదివి శుద్ధ ప్రతి రాసిపెడతాను, పదవీ విరమణ చేశాను, తీరిక ఉంది.

వార్ధా ఒడ్డు
తరువాతి నెల, శనివారం, సాయంత్రం 6:10

అర్జీ వేశాం. ఒక పాత ట్రస్టీ, నేను, బల్లార్‌షా అక్క పరిచయం చేసిన ఒక అక్క కలిసి అఫిడవిట్లు పెట్టాం. విచారణ తేలేదాకా భూమి చేతులు మార్చవద్దని తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. తలాఠీ దగ్గర నకలు ఇచ్చాం. టోకెన్ ఇచ్చినాయన మా ఇంటికే వచ్చి కాగితాలు చూసుకుని వెళ్ళాడు. కొడుకుల వకీలు జవాబుకు సమయం అడిగాడు. హాలు మాత్రం తెరిచే ఉంది. అద్దె ఇకనుంచి ట్రస్టు ఖాతాలోనే వేయాలని మధ్యంతరంగా అడిగాం, దాని మీద వాదన వచ్చే తారీఖున. బేల భూమి భూ భారతిలో ఇంకా పాత దాత పేరు మీదే ఉందని బావ చెప్పాడు, దానికి వేరే అర్జీ తయారవుతోంది.

మాస్టారూ, పుస్తకం ఫోటోలు మీకు పంపాను. మొదటి నలభై పేజీలు సిరా వెలిసిపోయింది.

సిరొంచ మాస్టారు
శనివారం, రాత్రి 8:00

అందాయి నాయనా. పన్నెండో పేజీలో ఎన్నిక తీర్మానం స్పష్టంగా ఉంది, హాజరైనవారి సంతకాలు, వేలిముద్రలు కూడా ఉన్నాయి. ముందు అదే రాసి సోమవారం పంపుతాను. పదమూడో పేజీ మళ్ళీ వెలుతురులో తీసి పంపు.